సీటు మీది నీలం సంచి

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. డిగ్రీలో ఫిజిక్స్ చదివాను. అన్నం తినని పాపను బూచాడు వస్తాడని కూడా ఏనాడూ బెదిరించలేదు. నాది వేరే జబ్బు, ఊరికే భయపడడం. పాప ఒళ్లు కాస్త వెచ్చబడితే తెల్లవార్లూ థర్మామీటరు పట్టుకుని కూర్చుంటాను. కాబట్టి ఇది నా భయం పుట్టించిందని మీరు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకోవాలని చూశాను.

పాపకు అప్పుడు ఏడాదిన్నర. మాటలు రాలేదు, వెనక నుంచి పిలిస్తే తిరిగి చూసేది కాదు. చెవుల పరీక్షకు బెంగళూరు బయలుదేరాం.

మత్తిగిరి నుంచి ఆటోలో హోసూరు బస్టాండు చేరేసరికి తొమ్మిదైంది. బెంగళూరు బస్సులో సీట్లన్నీ నిండిపోయాయి. మూడో వరుసలో కిటికీ పక్క సీటు ఒక్కటే ఖాళీ. దాని మీద నీలం సంచి. మా దగ్గర డ్యూటీలకు వెళ్లేవాళ్లు కిటికీలోంచి తువ్వాలో సంచో వేసి సీటు పట్టుకుని, టీ తాగడానికి దిగుతారు. దాన్ని ఎవరూ కదిలించరు. అది మర్యాద. నేనూ పాపను ఎత్తుకుని పక్కనే నిలబడ్డాను.

నా వెనక నుంచి ఒక ముసలామె గొంతు, నెమ్మదిగా.

"ఆ సంచికి మనిషి రాడమ్మా. ముట్టొద్దు. కండక్టరప్పకు చెప్పు."

పాప తల తిప్పింది.

ఆరు నెలలుగా దాని వెనక గిన్నెలు మోగించి ఆ ఒక్క కదలిక కోసం ఎదురుచూసినదాన్ని. నేనూ తిరిగి చూశాను. వెనక సీట్లో ఇద్దరు కాలేజీ అమ్మాయిలు ఫోన్లు చూసుకుంటున్నారు. అంతే.

"కండక్టరప్పా, ఈ సంచి ఎవురిదో అడగండి" అన్నాను.

సంచి పక్కన కూర్చున్నాయన నవ్వాడు. "సీటు కోసరం బలే ఎత్తు వేసినావు తల్లీ! ఆయప్ప టీకి పోయింటాడు, వస్తాడులే."

చుట్టూ నలుగురు నవ్వారు. మామూలుగా అయితే సిగ్గుపడి ఊరుకునేదాన్ని. కానీ పాప ఇంకా వెనక్కే చూస్తోంది. మళ్లీ అడిగాను.

"ఎవురిదప్పా ఈ సంచి?" కండక్టరు మూడుసార్లు అరిచాడు. ఎవరూ పలకలేదు. కిందికి దిగి టీ అంగడి దగ్గర కూడా అడిగి వచ్చాడు. తర్వాత అందరినీ దించేశారు.

పోలీసులు వచ్చి బస్టాండు ఖాళీ చేయించారు. సాయంత్రానికి తెలిసింది, సంచిలో బాంబు ఉందని, బెంగళూరులో జనం దిగేవేళకు పేలేలా పెట్టారని. దాన్ని పనికిరాకుండా చేశారు. ఒక్కరికీ గీత పడలేదు. నవ్వినాయన రోడ్డు మీద నన్ను వెతుక్కుంటూ వచ్చి, "మనసులో పెట్టుకోవద్దు తల్లీ, నాకూ ఇట్లాంటి బిడ్డే ఉంది" అని చేతులు జోడించాడు.

చెప్పిందెవరని పోలీసులు అడిగారు. ఆ అమ్మాయిలనూ అడిగారు.

"అవ్వ ఎవురూ లేదక్కా ఆడ. మేమిద్దరమే ఉండినాము. మాకేమీ వినపడలేదు" అన్నారు వాళ్లు.

తర్వాతి వారం పరీక్ష చేయించాం. చెవులు బాగున్నాయన్నారు. ఇప్పుడు మాటలూ వచ్చాయి. బస్సెక్కితే నాకంటే ముందు తనే అడుగుతుంది, "సంచి ఎవురిది?" అని. ఎవరో ఒకరు "నాదే పాపా" అని చెయ్యెత్తేదాకా ఊరుకోదు.

నా చెవి నన్ను మోసం చేసిందంటే ఒప్పుకుంటాను, భయస్తురాలి చెవి. పాపకు భయమంటే తెలియదు. ఆ గొంతు ఎవరిదో నాకు ఈ రోజుకీ తెలియదు. పాప మాత్రం నాకంటే ముందే దానికి తల తిప్పింది.