రాజకుమార్తెలకు పాట నేర్పినాయన

నా చిన్నప్పుడు మేము అమెరికాలో, శాంటా క్లారాలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. పక్కింట్లో ఇటలీ నుంచి వచ్చిన ముసలాయన ఒక్కరే ఉండేవారు. చర్చిలో ఆర్గన్ వాయించి రిటైరయ్యారు. నేను అంకుల్ అనేదాన్ని. స్కూలు నుంచి వచ్చాక, నాన్న ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆయన దగ్గరే కూర్చునేదాన్ని.

నాకు సంగీతం నేర్పింది మా అమ్మే. గొంతులో క్యాన్సర్ అని ఆపరేషన్ చేశాక ఆమె మాట పూర్తిగా పోయింది, మంచం పట్టింది. నేనూ పాడటం మానేశాను.

"ప్రాక్టీస్ చేయట్లేదేం తల్లీ?" అని నాన్న అడిగితే, "నేను పాడితే అమ్మ ఫీలవుతుంది నాన్నా," అన్నాను.

ఒక మధ్యాహ్నం అంకుల్‌కి ఇదంతా చెప్పాను. ఆయన పూర్వం తన ఊళ్లో పుట్టిన ఒక సంగీతకారుడి కథ ఎత్తుకున్నారు. అతను చర్చి ప్రార్థనలకు పాటలు కట్టేవాడట. అతని పేరు విని పరాయి దేశపు రాజు పిలిపించుకుని, తన కూతుళ్లకు పాట నేర్పే కొలువు ఇచ్చాడట. కొన్నేళ్లకు జబ్బు చేసి గొంతు పోయింది. కొలువూ పోయింది. ఊరికి తిరిగొస్తే, పాపం బాధపడతాడని అతని ఎదుట ఎవరూ పాడేవారు కాదట. అతను గుమ్మంలో కనిపిస్తే చర్చిలో పాట ఆగిపోయేదట. గొంతు పోయినదానికన్నా ఆ నిశ్శబ్దానికే అతను ఎక్కువ కుంగిపోయాడు. చివరికి రాజుగారి చిన్న కూతురు వెతుక్కుంటూ వచ్చి, పక్కన కూర్చుని, అతను నేర్పిన పాటే పాడిందట. మర్నాటి నుంచి అతను ఊరి పిల్లల్ని పాడటానికి తన ఇంటికి రమ్మన్నాడట.

ఆ సాయంత్రం అమ్మ మంచం పక్కన కూర్చుని, ఆమె నేర్పిన కీర్తన మొదలుపెట్టాను. అమ్మ గోడవైపు తిరిగిపోయింది. భుజాలు కదులుతున్నాయి. నేను ఆపేశాను. అప్పుడు వెనక్కి చెయ్యి చాపి, నా చెయ్యి అందుకుని, అరచేతిలో మెల్లగా తాళం వేసింది. మళ్లీ పాడాను. నేను తొందరపడిన చోట వేళ్లతో గట్టిగా నొక్కేది. నాన్న బ్యాగు కూడా దించకుండా గుమ్మంలోనే నిలబడిపోయారు.

ఆ చలికాలంలోనే అమ్మ పోయింది. అప్పటిదాకా రోజూ పాడాను. చివర్లో తాళం వేసే బలం కూడా ఆ వేళ్లకు లేదు. అయినా వింటోందని నాకు తెలిసేది.

ఇప్పుడు నా జుట్టూ నెరిసింది. మనవాళ్లలో ఎవరికైనా బాగాలేదంటే చూడటానికి వెళ్తాను. చప్పుడు చేయొద్దని పిల్లల్ని వేరే గదిలో కూర్చోబెట్టి ఉంటారు. నేను వాళ్లని మంచం దగ్గరికి తీసుకెళ్లి, వచ్చిందేదో పాడమంటాను.

"అమ్మమ్మ ఏడిస్తే ఏం చెయ్యాలి ఆంటీ?" అని అడుగుతారు.

"కొంచెం ఆగి, మళ్లీ పాడు," అంటాను.