లోపలి మనిషి కావలెను

ఆ ప్రకటన ఇంగ్లీషు పత్రిక లోపలి పేజీలో, పోయిన సైకిలుకూ దొరికిన కుక్కకూ మధ్య ఉండింది. కాలేజీ విద్యార్థులకు డబ్బు తీసుకుని వ్యాసాలు రాసిపెట్టే వ్యాపారం గురించి తెలిసిన లోపలి మనుషులు ఎవరైనా ఉంటే వచ్చి కలవవచ్చు, పేరు బయటపెట్టము, అని. కింద విలేకరి పేరు. నేను పనిచేసే టైపు ఇన్‌స్టిట్యూట్ యజమానిని కాటన్‌పేటలో అందరూ మాస్టారనే అర్థంలో మేష్ట్రు అనేవారు. ఆయన దాన్ని పైకి చదివి నవ్వాడు.

"చూడప్పా, మనల్నే వెతుకుతాండారు. మెట్లెక్కి వచ్చేదానికి నామర్దా అయినట్టుండాది, పేపర్లో వేసినారు."

నేనూ నవ్వాను. ఆ పేరు చూశాక నవ్వడానికి నాకు సొంత కారణం ఒకటి దొరికింది.

అంతకు ముందూ విలేకరులు వచ్చారు. ఒకాయన బట్టతలతోనే ఇంటర్మీడియట్ విద్యార్థినంటూ వచ్చాడు. మేష్ట్రు ఆయన్ని టైపింగు లోయర్ క్లాసులో చేర్పించి, ఫీజు కట్టించుకుని పంపాడు. ఆయన పట్టుదల గలవాడు. వచ్చి కొన్నాళ్ళు నేర్చుకున్నాడు కూడా.

మా ఇన్‌స్టిట్యూట్ దూది గోదాము మీది అంతస్తులో ఉండేది. ముందు గదిలో టైపు మిషన్లు, వెనక గదిలో మేము. కాలేజీలు వ్యాసాన్ని చేతిరాతలోనే అడిగేవి కాబట్టి, గిరాకీల చేతిరాతను అచ్చంగా దింపే నకలు రాయసగాడు ఒకడుండేవాడు. వ్యాసం రాసేవాణ్ని నేను. తప్పులు కూడా నేనే పెట్టేవాణ్ని. థర్డ్ క్లాసు విద్యార్థి ఉన్నట్టుండి పండితుడైతే లెక్చరరు అనుమానిస్తాడు. అందుకని ఎవరి తాహతుకు తగ్గ తప్పులు వాళ్ళకు వడ్డించేవాణ్ని. ఒకడికి ప్లాసీ యుద్ధాన్ని మద్రాసు దగ్గర జరిపించాను. వాడు పాసయ్యాడు. వ్యాపారానికి పునాది మాత్రం ఒకటే: కొన్నవాడు చదవడు. చదివే ఓపికే ఉంటే వాడు మా మెట్లు ఎక్కడు.

ఇదంతా బి.ఏ. ఆఖరి ఏడాది చదువుతూ చేశాను. మా కాలేజీలో ఏటా ఒక ఇంగ్లీషు వ్యాసరచన పోటీ ఉండేది. గెలిచినవాణ్ని చదువు అయ్యాక ట్యూటరుగా తీసుకోవడం ఆనవాయితీ. ఆ ట్యూటరు కుర్చీ కోసం జీవితంలో మొదటిసారి ఒక వ్యాసం నాకోసం రాసుకున్నాను. మా వీధిలోని మరమగ్గాల మీద. వీధిలో ఎవరైనా పోతే అన్ని ఇళ్ళవాళ్ళూ మగ్గాలు ఆపేస్తారు. మా అమ్మ మధ్యాహ్నం కునుకు తీసేది ఆ చప్పుడులోనే. చప్పుడు ఆగితే దిగ్గున లేచి వాకిట్లోకి వచ్చి "ఎవరు పోయినారప్పా?" అని అడిగేది. దాన్నే రాశాను. "మా అమ్మ చప్పుడుకు నిద్రపోతుంది, నిశ్శబ్దానికి లేస్తుంది" అన్న వాక్యం ఒకటి ఉంది అందులో. ఇంగ్లీషులో ఇంకొంచెం బాగుంటుంది. తప్పులు పెట్టలేదు. అమ్మకానికి రాసింది కాదు కదా.

గడువుకు ముందురోజు దాన్ని వెనక గదిలో బల్ల మీద పెట్టి ఇంటికి వెళ్ళాను. పొద్దున వచ్చేసరికి లేదు. మేష్ట్రు దాచాలని కూడా చూడలేదు.

"కాంట్రాక్టరుగారు కారేసుకుని వచ్చినారప్పా, కొడుకు పోటీకి అర్జెంటుగా కావాలని. చేతిలో వేరే ఏమీ లేదు. నీది ఉండాది, ఇచ్చేసినా. రాయసగాడు నకలు కూడా దించేసినాడు."

"అది నాది మేష్ట్రే."

"నీకు చెయ్యి ఉండాది, ఇంకొకటి రాసుకో. వాడికి కారు తప్ప ఏముండాది పాపం. ఊరికే సుమ్నే గలాటా చేయొద్దు."

గడువు ఆ సాయంత్రమే. రాసుకోలేదు. ఆ రోజు చెయ్యి ఉన్నట్టు నాకు అనిపించలేదు. ఫిర్యాదు చేద్దామంటే, అసలు ఆ గదిలో నువ్వేం చేస్తున్నావని అడుగుతారు.

కాంట్రాక్టరు కొడుకు మా కాలేజీవాడే, వేరే సెక్షను. వ్యాసం కొన్న రోజు కారు కూడా దిగలేదట. బహుమతి సభలో ప్రిన్సిపాలే వ్యాసాన్ని స్వయంగా చదివారు. అమ్మ వాక్యం దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ముందు వరుసలో కూర్చున్న కాంట్రాక్టరుగారి భార్యకు అందరూ వంగి నమస్కారాలు పెట్టారు. మగ్గమన్నది ఏనాడూ చూడని ఆవిడ, పట్టుచీర సర్దుకుంటూ, తనకు నిద్ర సరిగ్గా పట్టడం లేదన్న సంగతి ఊరంతటికీ ఎలా తెలిసిందా అన్నట్టు చూసింది. వ్యాసం కాలేజీ మ్యాగజైనులో అచ్చయింది. కొడుకు వేదిక మీద ఆవులిస్తూ కూర్చున్నాడు. ట్యూటరు ఉద్యోగం తన స్థాయికి చిన్నదని వదిలేసి, ఆ బహుమతినే చూపించి ఇంగ్లీషు పత్రికలో విలేకరిగా చేరాడు. ట్యూటరు కుర్చీ ఆ ఏడాది ఖాళీగానే ఉండింది. కిటికీలోంచి నేను చూసేవాణ్ని, దుమ్ము కూడా పట్టింది.

నేను కోపిష్టిని కాను. జ్ఞాపకశక్తి కొంచెం ఎక్కువ, అంతే. కొన్నేళ్ళు మేష్ట్రు దగ్గరే రాసుకుంటూ ఉండిపోయాను. ఆ తర్వాతే ఈ ప్రకటన, కింద కాంట్రాక్టరు కొడుకు పేరు. తనకు అనుభవం ఉన్న విషయం మీద రాయమని సంపాదకుడు చెప్పి ఉంటాడు.

మార్కెట్టు దగ్గర ఒక హోటల్లో కలిశాం. అతను నన్ను గుర్తుపట్టలేదు, పట్టడానికి ఎప్పుడూ చూసినవాడు కాదు. బై టూ కాఫీ చెప్పాడు. లోపలి మనిషికి సగం కప్పు చాలనుకున్నాడు కాబోలు.

"ఫ్రాంక్‌గా చెప్పండి. మీ సీక్రెట్ నా దగ్గర సేఫ్."

చెప్పాను. రాయసగాడి సంగతీ, తప్పుల వడ్డనా, అన్నీ. కాసేపు కలం కదిపాడు, తర్వాత మూత పెట్టేశాడు.

"మీరు ఇంత వేగంగా చెబితే నోట్ చేసుకోవడం కష్టం. పోనీ మీరే రాసిచ్చేయండి. నేను చూసుకుని వేస్తాను."

పాత గిరాకీ తిరిగి వచ్చాడు. నాకు చాలా సంతోషమైంది, పైకి కనిపించనివ్వలేదు.

వారం పట్టింది. శ్రద్ధగా రాశాను. ఇలా కొన్న వ్యాసాలకు బహుమతులు కూడా వచ్చాయని చెబుతూ, నమూనాగా మగ్గాల పేరా మొత్తం దించాను, అక్షరం మార్చకుండా. అదే హోటల్లో అతనికి ఇవ్వబోతే మాత్రం చెయ్యి కొంచెం వెనకాడింది. ఎంతైనా తెలిసిన కాలేజీవాడు. ఒక అవకాశం ఇద్దామనిపించి, ఆ పేరా పైకి చదివి వినిపించాను. అమ్మ వాక్యాన్ని నిదానంగా, రెండోసారి కూడా చదివాను.

"వండర్‌ఫుల్" అన్నాడు. "ఎవరు కొన్నారు దీన్ని?"

"ఒక పెద్దింటి అబ్బాయి."

"పేరు?"

"పేర్లు చెప్పకూడదు సార్, వ్యాపార మర్యాద. ఈ పేరా వేయండి చాలు, తెలిసినవాళ్ళు గుర్తుపడతారు."

"వాళ్ళ అమ్మ గురించి కూడా ఇంకొకరి చేత రాయించుకున్నాడా? సిగ్గుండాలి."

"ఉండాలి సార్" అన్నాను. కాగితాలు ఇచ్చేశాను. ఈసారి కాఫీ నేనే చెప్పాను, ఇద్దరికీ నిండు కప్పులు.

ఆదివారం నాడు అతని పేరుతోనే వచ్చింది. తెలిసినవాళ్ళు గుర్తుపట్టారు. ప్రిన్సిపాలుగారు గుర్తుపట్టారు, తోటి విద్యార్థులు గుర్తుపట్టారు, ఆ రోజు నమస్కారాలు పెట్టినవాళ్ళు గుర్తుపట్టారు. అతనొక్కడే గుర్తుపట్టలేదు. ప్రిన్సిపాలుగారు పాత మ్యాగజైను పట్టుకుని స్వయంగా పత్రికాఫీసుకు వెళ్ళారని విన్నాను. మేష్ట్రు విషయంలో నా లెక్క తప్పింది. ఆ వ్యాసం చదివి మా మెట్ల మీద జనం బారులు తీరారు. పగ అన్ని చోట్లా ఒకేలా పనిచేయదు.

బుధవారం మధ్యాహ్నం అతను మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. వీధి నిండా మగ్గాల మోత. లోపల అమ్మ కునుకు తీస్తోంది. అతను గుమ్మంలో నిలబడి ఆ మోత వినడం, అమ్మ పడుకున్న చాప వైపు చూడడం నేను గమనించాను. కొన్నది చదివినట్టున్నాడు, ఆలస్యంగానైనా.

"నాకు ముందే చెప్పి ఉండొచ్చు మీరు."

"చదివి వినిపించాను సార్. సిగ్గుండాలన్నారు."

సంపాదకుడు రేపటిలోగా లిఖితపూర్వకంగా సంజాయిషీ అడిగాడట. అది సరిగ్గా లేకపోతే ఉద్యోగం ఉండదట.

"మీరు రాస్తేనే నిలబడుతుంది. ఏం కావాలన్నా ఇస్తాను. రాసిపెట్టండి."

ఇంత దూరం వస్తాడని నేనూ అనుకోలేదు. అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి, లోపలికి వెళ్ళి తెల్లకాగితం, కలం, అట్ట తెచ్చి అతని ఒడిలో పెట్టాను.

"మీరే రాయండి. నేను పక్కనే ఉంటాను."

"ఏం రాయాలి?"

"జరిగింది. తప్పులుంటే ఉండనీయండి, ఎవరూ అనుమానించరు."

తేదీ వేశాడు. 'అయ్యా' అని రాశాడు. కలం అక్కడే నిలిచింది. నేను అరుగు మీద గోడకు చేరగిలబడి చూస్తూ కూర్చున్నాను. నాకు ఆ మధ్యాహ్నం వేరే పని ఏదీ లేదు, ఉన్నా పెట్టుకోను.

అలా ఉండగానే కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. లోపల చాప కదిలిన చప్పుడు. అమ్మ కొంగు సర్దుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"ఎవరు పోయినారప్పా?"

అతను తలెత్తి ఆమెను చూశాడు.

"ఎవరూ లేదుమ్మా" అన్నాను. "ఈ సారు వ్యాసం రాస్తాండాడు."