ఆయా జీతం, అత్త జీతం

నర్సింగ్ చదువుకు తీసుకున్న బ్యాంకు లోను పెళ్లికి ముందు నాది. పెళ్లయ్యాక ఇంటిల్లిపాదిదీ అయింది. బిడ్డకు పది నెలలు నిండగానే ఉద్యోగం వెతుక్కోక తప్పలేదు. రెండు దొరికాయి. చెన్నైలో ఒక పెద్ద ఆసుపత్రి ముప్పై రెండు వేలిస్తానంది. నెల్లూరులో ఒక చిన్న ఆసుపత్రి పద్దెనిమిది వేలంది. చెన్నై అయితే బిడ్డనెత్తుకుని నేనొక్కదాన్నే వెళ్లాలి. రొయ్యల గుంటలు వదిలి మా ఆయన రాలేడు. నెల్లూరైతే మా ఊరు అల్లూరు నుంచే రోజూ బస్సులో పోయిరావచ్చు.

నాకు రెండూ భయమే. అక్కడ బిడ్డకు జ్వరమొస్తే ఎవరి చేతుల్లో పెట్టి డ్యూటీకి వెళ్లాలి? ఇక్కడే ఉంటే, నా లోను తీరేలోపు వాడే కాలేజీకొస్తాడేమో. మామగారు మాత్రం నిశ్చింతగా గుంటల లెక్కల పుస్తకం తెచ్చి వెనక పేజీ తెరిచారు.

"చెప్పమ్మా. ముందు చెన్నై."

అద్దె పది వేలు, ఆయాకు తొమ్మిది, తిండికీ తిరుగుడుకూ ఐదు, లోను వాయిదా ఏడున్నర. ఐదు వందలు మిగిలాయి.

నెల్లూరుకు బస్సు ఖర్చు రెండున్నర, వాయిదా ఏడున్నర. ఎనిమిది వేలు మిగిలాయి. మామగారు పంట చేతికొచ్చినట్టు నవ్వి పెన్నుకు మూత పెట్టారు.

గడప దగ్గర బిడ్డకు అన్నం తినిపిస్తున్న అత్తగారు తలెత్తకుండానే అడిగారు. "నెల్లూరు లెక్కలో ఆయా లేదా?"

"ఆయా ఎందుకు? నువ్వుండావు గదా."

"అదే అడగతుండా. నన్ను యాడ రాసినావని."

మామగారి పుస్తకంలో రొయ్యల మేత, డీజిలు, కరెంటు, కాపలావాడి జీతం అన్నీ ఉంటాయి. కాపలావాడు రాని రాత్రుల్లో తండ్రీ కొడుకులు మేలుకున్న సంగతి ఎక్కడా ఉండదు. ఇంటివాళ్ల కూలి రాస్తే ఏ పంటలోనూ లాభం కనపడదని ఆయన సిద్ధాంతం.

నేను పెన్ను తీసుకుని నెల్లూరు కింద అత్తకు తొమ్మిది వేలు రాశాను. వెయ్యి లోటు తేలింది.

"చూసినావా? నీ దెబ్బకు అమ్మాయి చెన్నైకి పోతాది," అన్నారు మామగారు.

"పోనియ్. వీడు పెరికే జుట్టుకు ఆ ఆయా ఎంతడగతాదో అదీ రాసుకో."

నాకు నవ్వు రాలేదు. "నిజంగా ఇమ్మంటావా అత్తా?"

"ఇచ్చేదానికి నీ కాడ యాడుండాయి? వారానికో దినం నాకూ సెలవియ్యి. ఊరికే చేస్తన్నానని మాత్రం అనుకోబాక."

నెల్లూరుకే ఒప్పుకున్నాను. చెన్నై వాళ్లకు రానని చెప్పి ఫోన్ పెట్టేశాక కూడా, తప్పు చేశానేమోనని రెండు రోజులు అన్నం సయించలేదు.

నా మొదటి వారపు సెలవు బుధవారం పడింది. అత్తగారు ఎనిమిదింటికే మంచి చీర కట్టుకుని, నాయుడుపేటలో ఉన్న చెల్లెలింటికి వెళ్లిపోయారు. బస్సు కదిలిందో లేదో మావాడు రాగం అందుకున్నాడు. నేను ఎత్తుకుంటే నా భుజం మీదుగా ఆమె కోసం వెతికాడు. కన్నతల్లికి ఇంతకంటే అవమానం ఉండదు.

మూడింటికి ఫోన్. "ఏడస్తుండాడా?"

"లేదత్తా. బ్రహ్మాండంగా ఆడుకుంటున్నాడు."

"అట్నా. అయితే రేపు సాయంత్రం వస్తాలే."

మర్నాడు ఉదయం ఏడింటికి నాకు డ్యూటీ ఉందని ఆమెకు తెలుసు.

"పొద్దుట్నుంచీ ఏడుస్తానే ఉండాడత్తా," అన్నాను.