రేకు పళ్ళెంలో స్క్రూల చప్పుడు

మొన్న మధురవాడలో మా అమ్మాయి ఫ్లాట్‌కి తలుపులు బిగించడానికి వచ్చిన వడ్రంగి పొట్లం విప్పి గుప్పెడు స్క్రూలు రేకు పళ్ళెంలో పోశాడు. వంటింట్లో కాఫీ కలుపుకుంటున్న నేను ఆ చప్పుడుకి గ్లాసుతో సహా బయటికి వచ్చేశాను. "ఇవి దువ్వాడ సరుకే కదూ?" అన్నాను. "పొట్లం సూడకుండానే ఎలా సెప్పీసినారండి?" అని అతను నన్ను అనుమానంగా చూశాడు. ఆ విద్య నాకు శిక్షగా అబ్బిందని అతనికేం తెలుసు!

మా అక్క భర్త, అంటే మా బావ, దువ్వాడ దగ్గర రైలు పట్టాల పక్కన రేకుల షెడ్డులో స్క్రూలు చేసేవాడు. ఉక్కు తీగ యంత్రంలోకి ఒక పక్కన దూరి, రెండో పక్కన తలా, ఒంటికి చుట్టిన మరా దిద్దుకుని స్క్రూలై రాలేది. యంత్రాల నూనె వాసనా, పేకింగ్ బల్ల దగ్గర ఆడవాళ్ల డబ్బాల్లోని చేపల పులుసు వాసనా కలిసి నా చొక్కాలను వదిలేవి కావు. పెట్టెల్లో సర్దేముందు ఒక గుప్పెడు రేకు పళ్ళెంలో పోసి వినడం అక్కడి ఆచారం. బాగా కాల్చి గట్టిపరచిన స్క్రూ గణగణమంటుంది, మెత్తది మొద్దుగా పడుతుంది.

అక్కడ అమ్మకాలు నా పని. పోర్టులో చవక విదేశీ స్క్రూలు దిగడం మొదలయ్యాక దుకాణాలవాళ్లు మొహం చాటేశారు. ఇలాగే సాగితే షెడ్డు మూతపడుతుంది, బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా ఇళ్లకు పోతారు. విదేశీ సరుకు మీద అదనపు సుంకం వెయ్యమని ప్రభుత్వాన్ని అడగడానికి బావ స్కూటరు మీద తిరిగి తయారీదారులను పోగుచేశాడు. నేనేమో ఎండలో దుకాణాలు తిరగడానికి బద్ధకించి, బావకు చెప్పకుండా అదే సరుకు ఒక కంటైనర్ తెప్పించి మా పెట్టెల్లో పోసి అమ్మేశాను. అదే చేత్తో బావ అర్జీలో తప్పులు కూడా దిద్దాను.

మిగిలిన కాస్త సరుకు పేకింగ్ బల్ల మీదికి వచ్చేసరికి అక్కడి పెద్దామె, జాలరిపేట మనిషి, పళ్ళెం వంక చూసింది. "ఇది మనది కాదు బాబూ. సప్పుడే ఏరు."

"రైలు మోతలో నీకు సరిగ్గా ఇనబడలేదు," అన్నాను.

"పుట్టినకాడ్నించి సముద్రం పక్కన బతుకుతన్నాను. సప్పుళ్లు నాకు సెప్తావేటి?"

అర్జీ మీద సంతకాల రోజు తయారీదారులంతా షెడ్డులో చేరారు. తామే విదేశీ సరుకు తెప్పించుకున్నవాళ్లను నష్టపోయిన తయారీదారులుగా లెక్కించకపోవచ్చని, తెప్పిస్తే దాచకుండా చెప్పాలని ఒకాయన నిబంధనలు చదివాడు. మేం తెప్పించలేదన్న కాగితం మీద బావ పెన్ను పెట్టాడు. పెద్దామె నా వైపు చూసింది.

"ఆగు బావా," అన్నాను. "నాను తెప్పించినాను. ఒక కంటైనర్. నీకు సెప్పలేదు."

బావ పెన్ను కాగితం మీంచి తీసేశాడు. మాకు గట్టి పోటీదారైన ఎలమంచిలి ఆసామి నా వైపు తిరిగాడు. "ఓరి బావా! నా బేరాలు సెడగొట్టింది పైదేశపోడనుకుని తిడతన్నాను. నువ్వేటి!"

అంతా నవ్వారు. అందరికంటే ఆఖరున బావ నవ్వాడు. నవ్వి, ఫైలు ఆ ఎలమంచిలి ఆసామి చేతిలో పెట్టాడు. "నువ్వు ముందుండు. మా పేరు తీసీ. మా తప్పు మేం రాసిత్తాం." ఆ కాగితం నేనే రాశాను. అప్పుడు నా వైపు తిరిగి అన్నాడు: "రేపట్నించి పేకింగ్ బల్ల కాడ కూకో. కళ్లు మూసుకుని మన సరుకేదో సెప్పినప్పుడే లెగు."

నెలలు గడిచాయి. అధికారులు అర్జీ పెట్టినవాళ్ల షెడ్లకు వచ్చి యంత్రాలు చూసి వెళ్లారు. నేను పెద్దామె దగ్గర పాఠాలు, చీవాట్లు సమానంగా తిన్నాను. ఒక మధ్యాహ్నం ఎలమంచిలి నుంచి ఫోను. "సుంకం ఏసీసినారు బావా!" అన్న కేక ఫోను లేకపోయినా వినబడేదే. ఆడవాళ్లు రేకు పళ్ళేలు వాయించారు. అర్జీలో మా పేరు లేకపోయినా, పోర్టు గేటు దగ్గర విదేశీ సరుకుకి సుంకం పడితే మేలు అందరికీ ఒకటే.

ఆ సందడిలోనే బావ నా కళ్లకు తువ్వాలు కట్టాడు. పెద్దామె రెండు గుప్పెళ్లు పోసింది.

"రెండోది," అన్నాను.

"లెగు బావా," అన్నాడు బావ. తువ్వాలు తనే విప్పాడు.

మధురవాడలో వడ్రంగి తలుపు బిగిస్తుంటే కాఫీ చల్లారేదాకా చూస్తూ నిలబడ్డాను. ప్రతి చుట్టుకీ స్క్రూ మొదలైన చోటికే వచ్చినట్టుంటుంది గానీ, ఒక్క మర లోపలికి దిగుతుంది. నా ఏళ్లూ అలాగే తిరిగాయి.