మామకు అందని తోరణం

ఎండలు ముదరకముందే మామ పోయాడు. నేను పొయ్యి మీద చాయ పెట్టి, దవాఖానకు తీసుకుపోదామని ఫ్లాస్కు కడుగుతుంటే ఫోన్ మోగింది. ఆ చాయ అట్లాగే మరిగి మరిగి గిన్నె మాడింది. మామకు చిక్కటి చాయే ఇష్టం.

ఆయన నాకు మేనమామ, మా ఆయనకు తండ్రి. పుట్టినప్పటి నుంచి ఎరిగిన మనిషి. కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టినంక రోజూ కొట్లాడిన మనిషి కూడా. మా కొట్లాటంతా బీడీ మీదే.

ఆదిలాబాద్ పక్కన మా ఊళ్ళో ఎడ్ల పండుగైన పొలాల అమావాస్యకు హనుమాన్ గుడి ముందర రెండు టేకు గుంజలకు మామిడాకుల తోరణం కడతారు. కొమ్ములకు రంగులేసిన ఎడ్లన్నీ దాని కింద జమవుతాయి. పూజయినంక తోరణం తెంపుతారు, ఎడ్లు ఇండ్ల బాట పడతాయి. తోరణం కట్టేది ఎప్పుడూ మామే. నిచ్చెన లేదు, పీట లేదు. పళ్ళ మధ్య బీడీ, పైకెత్తిన చేతులు, రెండు బిగువు ముడులు. చిన్నప్పుడు నేను మెడ నొప్పి పుట్టేదాకా ఆయన్నే చూసేదాన్ని.

నాకు బిడ్డ పుట్టినప్పుడు ఎముకలకు బలమని రోజూ బర్రె పాలు చెంబుతో తెచ్చి నా ముందు పెట్టేవాడు. "తాగు కోడలా. ఆడోళ్ళ బొక్కలు గుల్లయితయి" అనేవాడు.

"మరి నీ బొక్కలో మామా? జర ఆ బీడీ అవతల పారెయ్యరాదూ" అంటే నవ్వేవాడు.

"పొగ ఊపిరికి పోతది గని బొక్కలకెట్ల పోతదే పిచ్చిదానా."

ఊళ్ళో మగవాళ్ళందరి లెక్కా అదే. బీడీకి దగ్గు వస్తుంది, అంతే. మరీ ఎక్కువైతే గుండె. బొక్కల జబ్బు ఆడవాళ్ళది.

ఒక ఏడు పాత కొలతలకే కుట్టించిన కొత్త అంగీ మోకాళ్ళ దాకా వచ్చిందని దర్జీతో తగువు పడ్డాడు. మరుసటి ఏడు పొలాల అమావాస్యకు మునివేళ్ళ మీద లేచినా పాత ముడి దగ్గరికి చెయ్యి అందలేదు.

"గుంజలు ఎవడు పెంచిండ్రా? నన్ను పరేషాన్ చేస్తున్రా?" అని పిల్లగాళ్ళ మీద లేచాడు. అవి ఆయన తండ్రి పాతిన గుంజలే. ఎవరో పీట తెస్తే దాన్ని కాలితో పక్కకు జరిపి, చెయ్యి అందిన కాడికే తోరణం కట్టాడు. ఎడ్ల కొమ్ములు ఆకులకు తగిలాయి. అందరం ముసలితనం అనుకుని నవ్వాం. నేనూ నవ్వాను.

ఆ చలికాలం వాకిట్లో కాలు జారింది. పడింది చిన్న పాటే, తుంటి మాత్రం విరిగింది. డాక్టరు ఎక్స్‌రే వెలుగుకు పెట్టి చూపించాడు. "వెన్నుపూసలు అణిగిపోయినయి పెద్దాయనా, అందుకే పొట్టిగయినవు. వయసొక్కటే కాదు, పొగ గూడ బొక్కల్ని తింటది. మగోళ్ళకు రాదనుకునుడే తప్పు. ఇంకా తాగుకుంట ఉంటే విరిగింది అతుకుడు గూడ కష్టమే."

మామ ఆ బొమ్మలో వెన్నుపూసల మీద వేలు పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "గట్లయితే గుంజలు పెరగలే. నేనే దిగిన."

ఆ రోజు నుంచి బీడీ ముట్టలేదు. అన్నం తిన్నంక చెయ్యి దానంతటదే జేబులోకి పోయేది, ఇంత సోంపుతో బయటికి వచ్చేది. తుంటి అతికింది. మరుసటి పొలాల అమావాస్యకు కర్రతో వచ్చి గుంజ పక్కన నిలబడి, కొడుకు చేత కట్టించాడు. ముడి వదులుగా ఉందని విప్పించి మళ్ళీ కట్టించాడు.

కానీ బొక్కలు అప్పటికే గుల్లబారి ఉన్నాయి. మళ్ళీ పడ్డాడు, ఈసారి రెండో తుంటి. మంచంలోనే ఊపిరితిత్తులకు నిమ్ము చేరింది.

దవాఖానలో ఒక మధ్యాహ్నం నన్ను దగ్గరికి పిలిచాడు. "కోడలా, నా కొడుకు గూడ బీడీ ఇడుస్తలేడు. వానికి నువ్వే చెప్పాలె. నేను చెప్తే, నువ్వు తాగలేదా అంటడు."

"నేను చెప్తే ఇంటడా మామా?"

"ఇనకపోతే కొట్లాడు. గది నీకు కొత్తేం గాదు."

కొట్లాడుతూనే ఉన్నాను. మా ఆయన వింటూనే ఉన్నాడు, తాగుతూనే ఉన్నాడు.

మొన్న పొలాల అమావాస్యకు తోరణం మా ఆయనే కట్టాడు. తండ్రి ఎత్తే ఆయనది. చేతులు పైకెత్తగానే అంగీ జేబులోంచి బీడీ కట్ట తొంగి చూసింది. ముడి బిగించి చేతులు దించుతుంటే, గుంజకు కింద మిగిలిపోయిన తాడు ముక్క ఆయన వేళ్ళకు తగిలింది. ఆ ఏడు మామ చెయ్యి అందిన కాడ వేసిన ముడి అది. మా ఆయన దాన్ని వేలితో తడుముతూ అట్లాగే నిలబడ్డాడు. తర్వాత జేబులోంచి కట్ట తీసి పిడికిట్లో పట్టుకున్నాడు. ముట్టించలేదు, పారేయనూ లేదు.

తోరణం తెంపారు, ఎడ్లు ఉరికాయి. దుమ్ము అణిగేసరికి ఆయన ఇంకా గుంజ దగ్గరే ఉన్నాడు. బిగిసిన పిడికిట్లోంచి నలిగిన బీడీల తునికాకు, పొగాకు పొడి గుంజ మొదట్లో రాలుతున్నాయి.