రొయ్యకు పెట్టిన పరీక్ష

ఆ ఏడు వానాకాలంలో పటమటలో మా వీధి వీధంతా జ్వరాలు. నాకూ వచ్చింది. డెంగీ కాదన్నారు, మలేరియా కాదన్నారు. చివరికి వైరల్ అని తేల్చి జ్వరం బిళ్ళలిచ్చి పంపారు. కొద్దిరోజులకు అదే తగ్గింది. మళ్ళీ స్కూలుకు వెళ్ళి పిల్లలకు లెక్కలు చెప్పుకుంటున్నాను.

మా పుట్టిల్లు బందరు దగ్గర, సముద్రపు ఒడ్డున. నాన్న ఉన్నన్నాళ్ళూ వేటకు వెళ్ళేవాడు. అమ్మ ఇప్పటికీ చేపల బజారులో రొయ్యలు అమ్ముతుంది. జ్వరానికి కూతురు చిక్కిపోయి ఉంటుందని ఐసు పెట్టెలో రొయ్యలు వేసుకుని బస్సెక్కి వచ్చింది. తనే ఒలిచి గోంగూరలో వేసి వండింది. జ్వరం నోటికి అమృతంలా ఉంది. మారు వడ్డించుకుని మరీ తిన్నాను.

సాయంత్రానికి మోచేతుల దగ్గర దురద మొదలైంది. చూస్తుండగానే మెడ మీద, నడుం చుట్టూ, చివరికి అరికాళ్ళలో కూడా ఎర్రటి దద్దుర్లు లేచాయి. పై పెదవి వాచింది. మా ఆయన ఆటోనగర్‌లో షాపు మూసేసి పరుగున వచ్చి, దగ్గర్లోని క్లినిక్కుకు తీసుకెళ్ళి ఇంజెక్షన్ చేయించాడు.

"రొయ్య పడలేదే తల్లీ నీకు," అంది అమ్మ.

"పుట్టినప్పటినుంచీ తింటున్నదే కదమ్మా!"

"జ్వరం పడి లేచిన ఒళ్ళు. ఏది పడుద్దో ఏది పడదో ఎవరికి తెలుసు?"

మర్నాడు మళ్ళీ లేచాయి. ఆ మర్నాడూ అంతే. ఇంట్లో రొయ్య వాసన కూడా లేదు, అయినా లేస్తూనే ఉన్నాయి. అప్పటికే అందరి మనసుల్లో రొయ్య దోషి అయిపోయింది. దాని వెనకాల వంకాయ, గోంగూర, గుడ్డు, వేరుశెనగ ఒక్కొక్కటే కంచంలోంచి వెళ్ళిపోయాయి. ఎవరో చెబితే ఒక ల్యాబులో రక్తపరీక్ష కూడా చేయించాం. నాకు పడనివంటూ వాళ్ళిచ్చిన జాబితాలో రొయ్య ఉంది, పీత ఉంది, గోధుమ కూడా ఉంది. ఇక నేను తినడానికి మిగిలింది పెరుగన్నం, బీరకాయ. స్టాఫ్ రూములో అందరూ క్యారేజీలు విప్పుతుంటే నేను కిటికీ పక్కన కూర్చునేదాన్ని. పొడుగు చేతుల జాకెట్లు కుట్టించుకున్నాను. దురద నిద్ర పోనిచ్చేది కాదు. క్లాసులో బోర్డు మీద లెక్క సగంలో ఉండగా చెయ్యి దానంతటదే మెడ మీదికి వెళ్ళేది.

అన్నిటికంటే నన్ను కుంగదీసింది అమ్మ. మా ఇంటికి వస్తే ముందు బాత్రూంలోకి వెళ్ళి నిమ్మచెక్కతో చేతులు రుద్దుకునేది, చీర మార్చుకునేది. అప్పుడైనా నా మంచం మీద కూర్చునేది కాదు, గుమ్మం దగ్గర కుర్చీ వేసుకునేది. "నా ఒళ్ళంతా రొయ్యేనే. నువ్వు దూరంగా ఉండు," అనేది. వద్దన్నా వినలేదు. తర్వాత రావడమే తగ్గించింది.

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక అలర్జీ డాక్టరు ఉన్నారని విని వెళ్ళాను. నడివయసావిడ. అమ్మను కూడా పట్టుబట్టి తీసుకెళ్ళాను. ఆవిడ ల్యాబు కాగితం చూసి పక్కన పెట్టేశారు.

"ఒకచోట లేచిన దద్దురు ఎంతసేపుంటుందండీ?"

"పూట గడిచేసరికి మాయమవుతుందండీ. ఇంకోచోట లేస్తుంది."

"రొయ్యలు మానేశాక తగ్గాయా?"

"లేదండీ."

"మరి మానేయడం దేనికి?"

నెమ్మదిగా ఆవిడే చెప్పారు. మన చర్మంలో కొన్ని కణాలు దురద పుట్టించే పదార్థాన్ని కడుపులో పెట్టుకుని కూర్చుంటాయట. నిజంగా రొయ్య పడనివాళ్ళలో రొయ్య వెళ్ళి వాటిని కదిలిస్తుంది. నాలాంటివాళ్ళలో చాలామందికి బయటినుంచి ఎవరూ రానక్కర్లేదు. సొంత రక్తంలో తయారైన యాంటీబాడీలే ఆ పని చేస్తాయి. శత్రువుల మీదికి పంపాల్సిన సైన్యం సొంత ఊరి మీద పడ్డట్టన్నమాట.

"జ్వరం వల్లనేనా డాక్టరుగారూ?" అడిగింది అమ్మ.

"కొందరికి వైరల్ జ్వరం తర్వాత ఇలా మొదలవుతోందని ఇప్పుడు పరిశోధనల్లో చూస్తున్నారండీ. మీ అమ్మాయికి అదే కారణమని మాత్రం నేను ఒట్టేసి చెప్పలేను."

"మరి రక్తంలో రొయ్య ఉందన్నారే?"

"ఇంటి దుమ్ములో కంటికి కనపడని పురుగులుంటాయి. వాటిలోనూ రొయ్యలోనూ ఒకే రకం ప్రోటీన్ ఉంటుంది. దుమ్ము పడనివాళ్ళకు పరీక్షలో రొయ్య కూడా కనపడొచ్చు. కనపడినంత మాత్రాన తింటే పడదని కాదు."

అమ్మ ముఖం ఎర్రబడింది. "నా రొయ్యకీ దుమ్ములో పురుగుకీ చుట్టరికమా!"

డాక్టరుగారు నవ్వేశారు. నేను కూడా నవ్వాను, చాలా రోజుల తర్వాత.

రోజూ వేసుకోవడానికి మాత్రలిచ్చారు. మొదట తగ్గకపోతే మోతాదు పెంచారు. కొన్ని నెలలకు దద్దుర్లు అదుపులోకి వచ్చాక, అనుమానం మిగలకుండా రొయ్యకు పరీక్ష పెడదామన్నారు. దానికి ముందు కొన్నాళ్ళు మాత్రలు ఆపమన్నారు. "ఇంట్లో మాత్రం ప్రయత్నించొద్దు. నిజంగా పడకపోతే ఊపిరి మీదికి వస్తుంది. నా ఎదురుగా, మందులు సిద్ధంగా పెట్టుకుని చేద్దాం," అన్నారు.

రొయ్యలు వండే పని అమ్మకు పడింది. ఉప్పు, పసుపు తప్ప ఏమీ వేయొద్దన్నారని విని అమ్మ బాధపడిపోయింది. "అల్లం కూడా వద్దా? అదేం కూరే!" అంటూనే వండి తెచ్చింది. క్లినిక్కులో నర్సు నన్ను మంచం మీద కూర్చోబెట్టి చేతికి బీపీ పట్టీ చుట్టింది. మొదట గోరంత ముక్క. ఆగి, ఇంకాస్త పెద్దది. మళ్ళీ ఆగడం. ప్రతిసారీ అమ్మ నా ముఖం వైపు, పెదవుల వైపు చూస్తూ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. చివరికి గిన్నె ఖాళీ అయింది. ఆ తర్వాత కూడా చాలాసేపు కూర్చోబెట్టారు. చర్మం మీద ఒక్క మచ్చ లేదు.

"మీ అమ్మాయికి రొయ్యలు పెట్టొచ్చండీ," అన్నారు డాక్టరుగారు.

అమ్మ లేచి వచ్చి నా పక్కన మంచం మీద కూర్చుంది. బీపీ పట్టీ తీసేసిన చోట చేత్తో నిమురుతూ ఉండిపోయింది.

రెండ్రోజుల తర్వాత పెరుగన్నం తిన్న పూట మళ్ళీ దద్దుర్లు లేచాయి. ఈసారి ఎవరూ పెరుగును తిట్టలేదు. మాత్ర వేసుకుని స్కూలుకు వెళ్ళాను. మరో ఏడాదిపాటు అలా వస్తూ పోతూ, ఎందుకు వచ్చాయో చెప్పనట్టే, ఎందుకు పోయాయో చెప్పకుండా పోయాయి. ఇప్పటికీ ఎప్పుడైనా జ్వరమొస్తే రెండుమూడు లేస్తాయి. పర్సులో మాత్రలుంటాయి.

మొన్న బజారులో ఒకావిడ తన కొడుక్కి పీత తింటే గొంతు పట్టేసిందని అమ్మతో అందట. ఈ మాటు కొంచెమే పెట్టి చూస్తానందట. అమ్మ ఆవిడకు పీతలు అమ్మలేదు. "ముందు డాక్టరుకి చూపించుకోండమ్మా. ఇంట్లో పెట్టి చూడకండి," అని బెంజ్ సర్కిల్‌కు దారి చెప్పి పంపింది.