చిన్నదాని తెల్ల గిటారు

మా వీధిలో ఆయన్ని అందరూ గన్ను మేస్త్రీ అంటారు. కొత్తగా వచ్చినవాళ్లు ఆ మాట విని ఓ అడుగు వెనక్కి వేస్తారు. ఆయన చేతిలో ఉండేది రంగు చిమ్మే గన్ను. మా పెరట్లో రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని కరెంటు గిటార్లకు రంగులు వేస్తాడు. నన్ను అక్కా అంటాడు కాబట్టి ఆ షెడ్డులోకి ఎప్పుడైనా తొంగిచూసే హక్కు నాకుందని నా నమ్మకం. ఆయన నమ్మకం వేరే అయినా పైకి అనడు.

దూలానికి వేలాడే ఆ గిటార్లను చూస్తూ నిలబడితే పొయ్యిమీద పాల సంగతి మర్చిపోతాను. నల్లదాంట్లో నా మొహం కనిపిస్తుంది, వేలు తగిలితే ముద్ర పడుతుంది. ఇంకోటి అంచుల్లో కాఫీ డికాషన్ రంగులో మొదలై మధ్యకు వచ్చేసరికి తేనె రంగుకు తిరుగుతుంది. ఎక్కడ మారిందో చూపించమంటే ఆయనే చూపించలేడు. ఒకాయన ఎప్పుడో అమ్మేసిన స్కూటరు తాలూకు రేకు ముక్క పట్టుకొచ్చి సరిగ్గా అదే నీలం వేయమన్నాడు.

"రంగు పాడుతుందా తమ్ముడూ, ఎందుకు వీళ్లకింత పట్టింపు?" అని అడిగాను.

"చేతిలోకి తీసుకోబుద్ధి కావాలి కదక్కా. తీసుకుంటేనే కదా వాయించేది," అన్నాడు.

ఆయనకు ఇద్దరు కూతుళ్లు. ఇద్దరికీ చిన్నప్పుడే తన చేత్తో చెరో గిటారు తయారుచేసి తెల్లరంగు వేసిచ్చాడు. అక్కాచెల్లెళ్లకు జత గిటార్లని వీధంతా మెచ్చుకుంది, నేను అందరికంటే గట్టిగా మెచ్చుకున్నాను. పెద్దది ఇప్పుడు పెళ్లిళ్లలో, హోటళ్లలో వాయించే బృందంలో ఉంది. చిన్నది కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది. పెళ్లయ్యాక మొగుడితో మా మేడమీది వాటాలోనే దిగింది. తండ్రి కింద షెడ్డులో, కూతురు పైన గదిలో. మధ్యలో నేను, ఇద్దరి కబుర్లూ తెలుసుకుంటూ.

"వాయిస్తున్నావా అమ్మా?" అని ఆయన మెట్ల కింద నుంచి అడిగేవాడు.

"వాయిస్తున్నా నాన్నా. చెవుల్లో పెట్టుకుని వాయిస్తున్నా, కింద అత్తకు గోల ఎందుకని."

కరెంటు గిటారుకు ఈ సదుపాయం ఉంది. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుంటే బయటికి చప్పుడు రాదు. ఆయన మురిసిపోయేవాడు. నేను మాత్రం, గోల లేకపోవడం సరే, గిటారు పెట్టె మీద అంత దుమ్ము ఎందుకుందో అనుకునేదాన్ని.

ఇంతలో పెద్దది తీగలు మార్పించుకోవడానికి తన గిటారు షెడ్డుకు తెచ్చింది. తెల్లది కాస్తా వెన్నరంగుకు తిరిగింది. మేస్త్రీ దాన్ని గుమ్మంలోకి తెచ్చి వెలుతురులో తిప్పి తిప్పి చూపించాడు.

"చూశావా అక్కా, ఎలా పండిందో. రంగు మీద వేసే మెరుపు పూత, లాకరంటాం, అది వెలుతురుకీ, గాలికీ, చేతి చెమటకీ ఇలా పండుతుంది. పెట్టెలో పడేస్తే పాలలా అలాగే ఉండిపోతుంది. రెండూ ఒకే డబ్బాలో రంగు. ఆదివారం చిన్నదాని గిటారు పక్కన పెట్టి చూడాలి, ఏది బాగా పండిందో."

మెట్ల మీద చిన్నది ఆగిపోయింది. మొహం తెల్లగా అయింది, దాని గిటారులాగే.

శనివారం అది నా వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. "అత్తా, టీ మరక ఎంత గట్టిగా పడుతుంది?"

"గుడ్డ మీదా, గచ్చు మీదా?"

"గిటారు మీద."

పెట్టె తెరిస్తే లోపల గిటారు నిన్న వేసినట్టు ఉంది. ఇన్నేళ్లలో దాన్ని పట్టుమని పదిసార్లు కూడా తీయలేదట. నాకు జాలేసింది, సరదా కూడా వేసింది, అబద్ధమెందుకు. చిక్కగా టీ కాచాను. దూది ముంచి ఇద్దరం రుద్దాం. ఆ లాకరు మీద టీ నిలిస్తే కదా, తామరాకు మీద నీళ్లలా జారిపోయి నా బల్లంతా కారింది. పాలు పోస్తే పడుతుందేమోనని నేనన్నాను. చక్కెర కూడా వేస్తే చీమలొచ్చి రంగు వేస్తాయిలే అత్తా అని అది నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

అప్పుడే తలుపు తెరుచుకుంది. మేస్త్రీ మంచినీళ్లకు వచ్చాడు. బల్ల మీద గిటారు చూశాడు, గిన్నె చూశాడు, దూది చూశాడు. రంగులతో బతికేవాడికి వేరే చెప్పాలా.

"వాయించలేదన్నమాట," అన్నాడు నెమ్మదిగా.

"లేదు నాన్నా."

"ఎందుకని?"

చిన్నది చేతులు తుడుచుకుంది. "నేను ఎరుపు అడిగాను. చెక్క గీతలు లోపల్నుంచి కనపడే ఎరుపు. ఎర్రసీసాలోంచి చూసినట్టుండాలని చెప్పాను. నువ్వు సరేనన్నావు. పెట్టె తెరిస్తే తెలుపు. అక్కది ఇంకోటి నాకిచ్చినట్టు అనిపించింది. అబద్ధం చెప్పినందుకు నాకూ సిగ్గుగానే ఉంది."

అది పైకి వెళ్లాక ఆయన నా స్టూలు మీద కూలబడ్డాడు. నీళ్లిస్తే పట్టుకున్నాడు గానీ తాగలేదు.

"జత బాగుంటుందని వేశావు కదయ్యా, అందులో తప్పేముంది," అన్నాను.

"జతా లేదు గితా లేదక్కా. పెద్దదానిది వేయడం అయింది. ఎరుపు వేయాలంటే గన్ను మొత్తం విప్పి థిన్నరుతో కడగాలి. బద్ధకమేసింది. గన్నులో తెలుపు మిగిలి ఉంది కదా అని రెండోదానిమీద కూడా కొట్టేశాను. మీరంతా జత, జత అన్నారు. నేను తల ఊపాను." గ్లాసు బల్ల మీద పెట్టి అన్నాడు, "పిల్ల కూడా ఏమీ అనలేదు. అనకపోతే ఇష్టపడిందనుకున్నా."

ఆనాటి నుంచి మనిషి మనిషిలా లేడు. మా మరదలు, అంటే ఆయన భార్య, నాతో అంది, "అన్నం ముందు కూర్చుని గోడకు ఏ రంగు వేయాలా అన్నట్టు చూస్తున్నాడు వదినా." గన్ను కడగడం మొదలుపెడితే వదిలిపెట్టేవాడు కాదు. కడిగిందే కడిగేవాడు. నేను పలకరిస్తే, "ఇది అప్పుడు కడగాల్సింది," అనేవాడు.

ఒకరోజు మేడెక్కి, తీగలు బిగించే మరలు వదులయ్యాయని చెప్పి గిటారు పట్టుకొచ్చాడు. మరలు వదులు కాలేదు. తెలుపంతా గీకేశాడు, చెక్క బయటపడేదాకా సానపట్టాడు, పల్చటి ఎరుపు పొర మీద పొర ఎక్కించాడు. వారాలు పట్టింది. మిగతా బేరాలన్నీ దూలానికి వేలాడుతూ ఎదురుచూశాయి.

"దాన్నొకమాట అడిగావా తమ్ముడూ?" అన్నాను.

"అడిగితే వద్దంటుంది అక్కా. మొహమాటం దానికి. చూస్తే కాదనలేదు."

అది నిజంగా అందమైన ఎరుపు. ఎండకు తిప్పితే చెక్క గీతలు లోపల కదిలినట్టు ఉన్నాయి. నేను ఇన్నేళ్లలో ఆయన చేతి నుంచి ఇంత మంచి పని చూడలేదు. చిన్నది పని నుంచి వచ్చే వేళకు ఆయన చొక్కా మార్చుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

అది చూసింది. చాలాసేపు చూసింది. వేలి చివరతో అంచు తాకింది.

"చాలా బాగుంది నాన్నా," అంది. తర్వాత, "తెల్లది అక్కకు ఇస్తానని మాటిచ్చాను. వాళ్ల బృందంలో గిటారు వాయించే ఇద్దరూ ఒకేలాంటివి పట్టుకుంటే బాగుంటుందంది. నెలాఖరుకు కావాలంది."

"నాకు చెప్పలేదేం తల్లీ?"

"నువ్వు అడగలేదు. మరలు బిగిస్తానన్నావు." దాని గొంతులో కోపం లేదు, అదే ఆయన్ను ఎక్కువ కోసింది. "నేను ఎరుపు అడిగినప్పుడు నాకు పన్నెండేళ్లు నాన్నా. ఇప్పుడు ముప్పై."

ఆయన గిరుక్కున తిరిగి గరుకు కాగితం అందుకున్నాడు. "గీకేస్తాను. తెలుపు వేసిస్తాను. నెలాఖరులోపు ఆరుతుంది."

"మళ్లీ అడగట్లేదు నువ్వు."

కాగితం ఆయన చేతిలోనే ఉండిపోయింది. కాసేపటికి బల్ల మీద పెట్టాడు. ఒక్కో మాటా వెతుక్కుంటూ అడిగాడు, "మరి... ఏం చెయ్యమంటావమ్మా?"

"తెలీదు. అక్కతో నేను మాట్లాడుకుంటా. అది అలా ఉండనీ ప్రస్తుతానికి."

అలాగే ఉంచాడు. పెద్దది నాలుగు మాటలు దెప్పి, వేరే గిటారుతో సరిపెట్టుకుంది. ఎర్రది దూలానికి వేలాడుతూనే ఉంది. వచ్చినవాళ్లందరి కళ్లూ ముందు దానిమీదే. "ఇది ఇస్తారా?" అని అడుగుతారు. "అది మా చిన్నదానిది," అంటాడు, చేతిలో పని ఆపకుండా.

మొన్నొకావిడ వచ్చి దాని ముందే నిలబడిపోయింది. వేరే రంగులు చూపిస్తే తల తిప్పలేదు. ఎంతైనా సరేనంది. మేస్త్రీ గన్ను కింద పెట్టి, చేతులు కడుక్కుని, "ఉండండమ్మా, అడిగొస్తాను," అని మెట్లెక్కాడు. ఏం జరుగుతుందో చూడకపోతే నాకు అన్నం సహించదు కనుక నేనూ వెనకే ఎక్కాను.

చిన్నది తలుపు తీసింది. ఆయన గుమ్మం బయటే నిలబడి చెప్పాడు, ఎవరో ఆవిడ ఎర్రది అడుగుతోందని, ఇవ్వమంటావా అని. ఇంకేమీ కలపలేదు. ఇస్తే మంచిదనలేదు, వద్దనలేదు.

అది కాస్త ఆలోచించింది. "వాయిస్తుందా ఆవిడ?"

"అది కనుక్కోలేదమ్మా."

"కనుక్కుని రా నాన్నా, అప్పుడు చెప్తాను."

ఆయన తలూపి, కమ్మీ పట్టుకుని మళ్లీ మెట్లు దిగాడు.